క్షయ నివారణ: గడప తొక్కే నర్సమ్మ

హైదరాబాదు నుండి పడమటి దిక్కుగా చేవెళ్ల మీదుగా పోయే రాజమార్గంలో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నడుమ అజీజ్‌నగర్ అనే గ్రామం ఉన్నది. ఆ మార్గం తన ఇరువైపులా ఉన్న మర్రిచెట్లకు ప్రసిద్ధి. ఇంకా ముందుకు పోతే, వికారాబాదు చేరువలో, అనంతగిరి కొండలు కనబడతవి. నిజాం కాలంలో ఆ కొండలమీద క్షయ రోగులకై ఒక శానటోరియం వెలసినది. ఊపిరితిత్తులు చెడినవానికి కొండగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఈ మూడే ఆనాటి వైద్యం. రాయలసీమలో మదనపల్లె దగ్గర 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరం శానటోరియం కూడ ఆ విశ్వాసంతో కట్టినదే. రోగిని ఇంటినుండి, ఊరినుండి వేరుచేసి ఎత్తైన చోట ఉంచితే అతడికీ మంచిది, ఇంటివారికీ మంచిదని వైద్యులు నమ్మినారు.

ఈనాడు అజీజ్‌నగర్‌లో ఒక కూలివానికి క్షయ సోకినచో అతడు ఏ కొండకూ పోడు. తన ఇంటనే ఉంటాడు. మాత్రలు ఊరికే వస్తవి. అవి కడుపులో పడుతున్నవో లేదో చూడడానికి ఒక నర్సమ్మ వస్తుంది. వైద్యం కొండదిగి గడపలోకి వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. ఆసుపత్రి గోడలు, వార్డు నియమాలు, వంటశాల, పగలూ రాత్రీ కాపలా ఉండే సిబ్బంది, ఇన్నీ కలిసి చేసిన పనిని ఇప్పుడు ఒక స్త్రీ సంచీ భుజాన వేసుకొని చేయవలసి వచ్చినది. గోడలకు ఐన ఖర్చు మిగిలినది గాని, ఆ మిగులులో ఆమె వంతు ఎంత అనే ప్రశ్నకు అరువది ఏళ్ళుగా సరియైన జవాబు రాలేదు.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు రాబర్ట్ కాఖ్ బెర్లినులో ప్రకటించినది 1882 మార్చి 24వ తేదీన. శత్రువు ముఖం తెలిసినది గాని ఆయుధం చిక్కడానికి మరి ఆరు దశాబ్దాలు పట్టినది. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చినవి. ఈలోగా మన దేశపు పరిస్థితి ఎట్టిదో 1946లో భోర్ సంఘం తన నివేదికలో తెలిపినది. క్షయతో బాధపడేవారు సుమారు 25 లక్షలు, ఏటేటా చనిపోయేవారు 5 లక్షలు, వారికై దేశమంతటా ఉన్న పడకలు ఆరువేల చిల్లర. ఏ ఎనిమిదవ తరగతి విద్యార్థి అయినా భాగహారం చేసి చూడవచ్చును. ఒక్కొక్క పడకకు నాలుగు వందలకు పైగా రోగులు! కొండమీద ఎన్ని భవనాలు కట్టినా ఈ లెక్క తీరేది కాదు.

పైగా క్షయ పట్టణపు జబ్బు, పల్లెకు దాని బాధ తక్కువ అనే అపోహ ఒకటి ఉండేది. 1955 నుండి 1958 వరకు జరిగిన జాతీయ సర్వేలో హైదరాబాదు, మదనపల్లె ప్రాంతాలు రెండూ ఉన్నవి. ఎక్స్‌రే యంత్రాలను బండ్లమీద ఊరూరికీ తీసుకుపోయి చూడగా, పల్లెలు పట్టణాలకు ఏమీ తీసిపోలేదని తేలినది. దేశజనులలో అత్యధికులు పల్లెలలో ఉన్నారు గనుక రోగులలో అత్యధికులూ అక్కడనే ఉన్నారన్నమాట.

ఆ సమయంలోనే మద్రాసులో ఒక ప్రయోగం జరిగినది. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రంవారు నగరంలోని పేద రోగులను రెండు వర్గాలుగా చేసినారు. ఒక వర్గాన్ని శానటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చినారు. రెండవ వర్గం తమ ఇరుకు ఇండ్లలోనే, తమకు దొరికిన తిండి తింటూ, పనిపాటలు చేసుకుంటూ, అవే మందులు వాడినది. సంవత్సరం పిదప చూస్తే గుణం దాదాపు సమానం! ఇంట ఉన్న రోగులవలన వారి ఆలుబిడ్డలకు అదనంగా ముప్పు కలగలేదని కూడ తేలినది. 1959లో ఈ ఫలితాలు ప్రకటితం కాగానే ప్రపంచమంతటా శానటోరియముల యుగం అస్తమించసాగినది.

ఐతే ఆ ప్రయోగంలో చాలమంది గమనించని భాగం ఒకటి ఉన్నది. ఇంట ఉన్న రోగులు వారి మానాన వారు మాత్రలు మింగలేదు. కేంద్రం నుండి ఆరోగ్య సందర్శకులు చెప్పకుండా వారి ఇండ్లకు వెళ్ళేవారు. సీసాలో ఎన్ని మాత్రలు మిగిలినవో లెక్కించేవారు. మందు నిజంగా లోపలికి పోయినదో లేదో మూత్ర పరీక్షతో తెలుసుకునేవారు. రాని రోగిని వెదకి పట్టుకునేవారు. ఇంటి వైద్యం ఫలించినదంటే మందుతోపాటు ఆ రాకపోకలు కూడ ఫలించినవని అర్థం. తరువాతి కాలంలో ప్రభుత్వాలు ఆ ప్రయోగంనుండి మందును మాత్రం ఆశగా అందుకొన్నవి. రాకపోకల ఖర్చును అంత ఆశగా అందుకొన్నట్లు కనబడదు.

మందు వాడకంలోని చిక్కును కొంచెం వివరంగా చెప్పుకొనవలసి ఉన్నది. సాధారణ క్షయకు నేటి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి, రోగి బరువునుబట్టి, ప్రతిదినం. మొదటి వారంలో మూత్రం ఎర్రబడుతుంది. అది రిఫాంపిసిన్ రంగేగాని నెత్తురు కాదని నర్సమ్మ ముందే చెప్పి ఉంచకపోతే రోగి ఆనాడే మందు మానేస్తాడు. కొందరికి వాంతి వస్తుంది, కొందరికి అరికాళ్ళు మంటలెత్తుతవి, కొందరికి కండ్లు పసుపుపచ్చబడతవి. ఈ మూడింటిలో దేనిని ఓర్చుకొమ్మనాలో, దేనికి మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలో గడపదగ్గర నిర్ణయించవలసినది ఆమెయే.

ఇవన్నీ గడిచిన తరువాత అసలు గండం వస్తుంది. అది బాధవలన వచ్చేది కాదు, సుఖంవలన వచ్చేది. రెండవ నెల చివరికి జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంటికి కండ పడుతుంది. రోగి పనిలోకి దిగుతాడు. “మంచిగనే ఉన్నది గదా నర్సమ్మా, ఇంకెందుకు గోలీలు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. జ్వరానికి మాత్ర వేసుకొని, జ్వరం తగ్గితే మానడమే లోకంలో అందరూ నేర్చిన పద్ధతి. బాగుపడినవాడు ఇంకా నాలుగు నెలలు రోగివలె ప్రవర్తించాలని అతడిని ఒప్పించుటకు వాదన చాలదు. పరిచయం కావాలి. మునుపు ఆ ఇంట పసిబిడ్డకు టీకా వేసిన నర్సమ్మ, కోడలికి కాన్పునాడు తోడుపోయిన నర్సమ్మ చెప్తే వింటారు. కొత్తగా వచ్చినవారు చెప్తే తల ఊపుతారు. మధ్యలో మానినవానిలో మిగిలిన సూక్ష్మజీవులు మందుకు లొంగని జాతిగా మారే ప్రమాదం ఉన్నది. అటువంటి క్షయకు మునుపు ఏడాదిన్నర, రెండేళ్ళు మందులు వాడవలసి వచ్చేది. బెడాక్విలిన్ మొదలైన నాలుగు మందులతో ఆరు నెలల క్రొత్త చికిత్సకు 2024లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. అది మంచి వార్తయే. కాని ఆ ఆరు నెలలు కూడ ఎవరో ఒకరు గడప తొక్కితేనే పూర్తి అవుతవి.

ఈ గడప సంగతి అజీజ్‌నగర్ వంటి ఊళ్ళలో మరింత చిక్కైనది. మొయినాబాదు, చేవెళ్ల మండలాల పొలాలనుండి పూలు, కూరగాయలు ప్రతిదినం నగరానికి పోతవి. నగరంనుండి కలవారు ఇక్కడికి వచ్చి తోటలు, విడిది ఇండ్లు కట్టుకొన్నారు. ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఈ ఊరు పూర్తిగా పల్లె కాదు, పట్టణమూ కాలేదు. తోటలను కాసే కుటుంబాలు, కట్టడపు పనికై దూరప్రాంతాలనుండి వచ్చిన కూలీలు, అద్దెగదులలోని విద్యార్థులు, వీరెవ్వరి పేరూ గ్రామపు పాత జాబితాలో ఉండదు. తోటకు తాళం వేసి ఉంటుంది, తలుపు తీయాలంటే యజమాని అనుమతి కావాలి, యజమాని నగరంలో ఉంటాడు. కట్టడం పూర్తికాగానే మేస్త్రీ తన మనుషులను మరొక చోటికి తరలిస్తాడు. మూడవ నెల మందు తీసుకోవలసినవాడు ఎక్కడ ఉన్నాడో నర్సమ్మకు తెలియదు. 2012 నుండి నడుస్తున్న నిక్షయ్ అనే కంప్యూటరు పట్టికలో ఒక ఊరి రోగిని మరొక ఊరికి బదిలీ చేయవచ్చును. కాగితంమీద ఇది చక్కని ఏర్పాటు. కాని రోగి వెళ్ళే ముందు చెప్పాలి, చెప్పడానికి అతడికి ఆమెమీద నమ్మకం ఉండాలి.

నమ్మకానికి అడ్డువచ్చేది సిగ్గు. పెండ్లికాని పిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధం రాదని తల్లిదండ్రులు భయపడతారు. కొత్తకోడలికి వచ్చినదంటే పుట్టింటికి పంపిస్తారు, కొన్ని ఇండ్లలో మళ్ళీ పిలవరు. అందుచేత తెలివిగల నర్సమ్మ నేరుగా ఆ ఇంటికే పోదు. వాడలో నాలుగిండ్లలో రక్తపోటు చూసి, అయిదవ ఇల్లుగా ఆ ఇంటికి పోతుంది. కంచం, గ్లాసు వేరుపెట్టడం ఇప్పటికీ చాల ఇండ్లలో ఉన్నది. క్షయ వ్యాపించేది గాలిద్వారా, దగ్గినప్పుడు లేచే తుంపరల ద్వారా. కంచం వేరుచేసినందువలన ఎవరికీ రక్షణ లేదు, రోగికి అవమానం తప్ప. కిటికీ తెరిచి ఉంచి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని, మందు సరిగా వాడితే కొద్ది వారాలలోనే అతడివలన ఇతరులకు ముప్పు బాగా తగ్గిపోతుంది. ఈ సంగతి చెప్పడంకంటె, ఆ ఇంట నర్సమ్మ మంచినీళ్ళు అడిగి పుచ్చుకొనుట ఎక్కువ పని చేస్తుంది.

రోగిని కనిపెట్టడం కూడ అంత తేలిక కాదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, తగ్గే బరువు, ఇవి గుర్తులు. కళ్ళె పరీక్ష చేయాలి. తెలంగాణంలో దానిని తెమడ అంటారు. డబ్బీ చేతికిచ్చి తెమ్మంటే చాలమంది ఉమ్మి తెస్తారు. ఊపిరి లోతుగా పీల్చి, రొమ్ములోనుండి దగ్గి తీయాలని నర్సమ్మ స్వయంగా చూపించాలి, అదీ ఆరుబయట, గాలివాలు చూసుకొని నిలబడి. ఆరోగ్యసిబ్బందికి క్షయ సోకే అవకాశం సామాన్యజనులకంటె ఎక్కువ అని అనేక పరిశీలనలు తెలిపినవి. సూక్ష్మదర్శినితో చూసే పద్ధతి వంద ఏళ్ళ పైబడినది. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు గంటలలో జబ్బును, మందుకు లొంగుతుందో లేదో కూడ చెప్తవి. డబ్బీలో ఉమ్మి ఉంటే ఏ యంత్రమైనా చేసేదేమీ లేదు.

రోగులు ఆసుపత్రికి రారని, అజ్ఞానంచేత దాగి ఉంటారని తరచు వింటాము. బెంగుళూరులో 1959లో స్థాపించిన జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనేవారు 1963లో ప్రకటించిన పరిశీలన ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసినది. పల్లెల్లో కళ్ళెలో క్రిములు ఉన్నవారిలో దాదాపు సగంమంది తమంతట తాము ఏదో ఒక వైద్యశాలకు అప్పటికే పోయి ఉన్నారట! అక్కడ వారికి దొరికినది దగ్గుమందు సీసా. తప్పు రోగిది కాదు. ఈనాడు అజీజ్‌నగర్ కూలివాడు మొదట పోయేది ఊరిలోని ఆర్.ఎం.పి. దగ్గరకు, లేదా మందుల దుకాణానికి. వారిని తిట్టి ప్రయోజనం లేదని హైదరాబాదులోని మహావీర్ ఆసుపత్రి 1995లోనే గ్రహించినది. డాక్టరు కె.జె.ఆర్. మూర్తి నాయకత్వాన ఆ ఆసుపత్రి చుట్టుపట్ల ప్రైవేటు వైద్యులను కలుపుకొని, వారు అనుమానించిన రోగులను పరీక్షించి, రోగికి వీలైన చోటనే మందు మింగించే ఏర్పాటు చేసినది. దేశంలో తరువాత వచ్చిన ఇటువంటి ఏర్పాట్లకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. 2012లో ప్రైవేటు వైద్యులు కూడ ప్రతి క్షయ రోగిని ప్రభుత్వానికి తెలియజేయాలన్న ఉత్తర్వు వచ్చినది. ఉత్తర్వు పత్రం ఆర్.ఎం.పి. దగ్గరకు దానంతట అది నడిచిపోదు. ఎవరో ఒకరు అతడి బల్లమీద కూర్చొని మాట్లాడాలి.

తిండి విషయం మరువరాదు. మద్రాసు ప్రయోగం తరువాత, మందు ఉంటే తిండి అంత ముఖ్యం కాదనే ధోరణి ఒకటి బయలుదేరినది. 2023లో ప్రకటితమైన జార్ఖండ్ పరిశోధన దీనిని సవరించినది. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ ప్రభృతులు 2,800 మంది రోగులకు, వారి ఇండ్లలోని పదివేలకు పైబడిన బంధువులకు సంబంధించి ఈ పని చేసినారు. రోగులందరికీ నెలనెలా తిండిసామాను ఇచ్చినారు. కొన్ని చోట్ల ఇంటివారికి కూడ మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చినారు. అలా ఇచ్చిన ఇండ్లలో కొత్తగా క్షయ సోకుట 39 శాతం తగ్గినది. ఇంత మేలు చేసే టీకా పెద్దలకు ఇంకా లేదు. మన దేశంలో 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు పోషణకై ఇస్తున్నారు. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడవలసి ఉండుటచేత, ఖాతా లేనివాడికి ఖాతా తెరిపించుట, అంకెలు సరిచూచుట, రాని నెలకు జవాబు చెప్పుట, ఇవికూడ నర్సమ్మ పనులలో చేరినవి.

ఆమె పనులు ఇట్లా పెరుగుతూ పోవుటకు ఒక చరిత్ర ఉన్నది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం ప్రారంభించినప్పుడు, దానికి ప్రత్యేక సిబ్బంది కాక సాధారణ ఆరోగ్యశాఖవారే ఈ పని చేయాలని నిర్ణయించినారు. పేదదేశానికి తగిన నిర్ణయమే. 1973లో కర్తార్ సింగ్ సంఘం మంత్రసానితనం నేర్చిన నర్సును అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తగా మార్చుమన్నది. మైదాన ప్రాంతంలో అయిదువేల జనాభాకు ఒక ఉపకేంద్రం అనేది నియమం. ఆ అయిదువేల మందిలో గర్భిణులు, పసిపిల్లల టీకాలు, మలేరియా, మధుమేహం, రక్తపోటు, వాటి మధ్య క్షయ. తరువాత 1997లో దేశవ్యాప్తంగా మొదలైన సవరించిన కార్యక్రమం క్షయకు ప్రత్యేకంగా పర్యవేక్షకులను ఇచ్చినది. వారిలో అత్యధికులు ఒప్పంద ఉద్యోగులు. ఆరోగ్యవరం వంటి చోట వార్డు సోదరికి ఉద్యోగ భద్రత, ఉండడానికి ఇల్లు ఉండేవి. ఈనాడు స్కూటరుమీద ఎండన పడి తిరిగే మనిషి మాత్రం వచ్చే ఏటి ఒప్పందంకోసం ఎదురు చూస్తున్నది.

ఇటీవల మరొక ఆలోచన వచ్చినది. మాత్రల అట్టమీద దాగిన నంబరుకు రోగి తన ఫోనునుండి మిస్డ్ కాల్ ఇస్తే అతడు మందు వేసుకొన్నట్లు లెక్క. దూరాన ఉన్నవారికి ఇది కొంత ఉపయోగమే. ఐనా ఫోను చెప్పేది పిలుపు వచ్చినదని మాత్రమే. మాత్ర మింగినాడా, పారవేసినాడా, మింగనిచో ఎందువలన, ఆనాడు ఇంట వంట అయినదా లేదా అనే విషయాలు ఫోనుకు తెలియవు. 2020లో కరోనావలన నర్సులను వేరే పనిమీద పంపినప్పుడు ఏమైనదో అంకెలు చూపుతున్నవి. అంతకు ముందటి ఏడు 24 లక్షల మంది క్షయ రోగులు నమోదు కాగా ఆ ఏడు 18 లక్షలే అయినారు. మిగిలిన ఆరు లక్షలమందికి జబ్బు రాలేదని ఎవరూ అనుకోలేదు.

మందే లేనప్పుడు ఆమె ముఖం ఎట్లా చూపించగలదు? 2024 మార్చిలో సరఫరా ఆలస్యమై, స్థానికంగా మందులు కొనుక్కొమ్మని కేంద్రం రాష్ట్రాలకు వ్రాయవలసి వచ్చినది. ఒక్క దినమూ తప్పరాదని మూడు నెలలు పోరిన మనిషే “రేపు రండి” అని చెప్పవలసి వస్తే, పోయేది ఒక దినపు మోతాదు మాత్రమే కాదు.

2025 ముగిసేలోగా దేశంనుండి క్షయను తొలగిస్తామని ప్రభుత్వం సంకల్పించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త రోగుల సంఖ్య 2024లో 187కు దిగినది. ప్రపంచపు సగటుకంటె ఇది వేగమైన తగ్గుదల. దీనికి కారకులైనవారిని మెచ్చుకొనవలసినదే. అయినా ప్రపంచంలోని క్షయ రోగులలో నలుగురిలో ఒకరు భారతీయులే, సంకల్పించిన గడువు దాటిపోయినది.

ఇక మిగిలిన పనిలో ఎక్కువ భాగం రోగులు కానివారితోనే. ఇంట ఒకరికి క్షయ వస్తే, జబ్బు బయటపడని తక్కినవారికి, ముఖ్యంగా అయిదేండ్లలోపు పిల్లలకు, ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు, లేదా ఆరు నెలలపాటు ప్రతిదినం. ఇది నర్సమ్మ చేసే వాదనలన్నిటిలో కష్టమైనది. పిల్లవాడు ఆడుతున్నాడు, వాడి అక్క బడికి పోతున్నది, జ్వరం లేదు, దగ్గు లేదు. ఏమీ లేని బిడ్డకు మందెందుకని తల్లి అడుగుతుంది. కొన్ని ఇండ్లలో ఆ అక్కయే మాత్రల అట్టమీది అక్షరాలు చదివి తల్లికి చెప్తుంది. పాఠశాలలో క్షయ గురించి విన్న పిల్ల అయితే రెండు మాటలు ఎక్కువ చెప్తుంది. అప్పటికీ ఒప్పుకొనని తల్లి దగ్గరకు నర్సమ్మ మరొకసారి, మరికొన్నిసార్లు పోవలసి ఉంటుంది. పట్టికలో వ్రాయడానికి మందు మొదలుపెట్టిన తేదీకి ఒక గడి ఉన్నది. దానికి ముందు తిరిగిన తిరుగుడుకు గడి లేదు, ఆ తిరుగుడుకు ఐన పెట్రోలు ఖర్చు ఆమెదే.